గాలెవరు కొడతార్రా?

2003 క్రిస్మస్‌కి మా ఊరి గుడికి కీబోర్డు వచ్చింది. మా ఊరు తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో, కాలవకి ఇవతల. గుడి అంటే పల్లెలో ఉన్న లూథరన్ గుడి. కువైట్‌లో పనిచేసే ఒకాయన డబ్బు పంపిస్తే సంఘ పెద్దలు విజయవాడ వెళ్ళి కొనుక్కొచ్చారు. నేనప్పుడు ఇంటర్ ఫస్టియర్, బెజవాడ హాస్టల్లో. సెలవులకి ఇంటికి రాగానే, "నీకు ఇంగ్లీషొచ్చు, ఆ పుస్తకం చదివి ఇదెట్టా వాయించాలో చూడు" అని దాన్ని నా చేతికిచ్చారు.

అప్పటికి నలభై ఏళ్ళుగా ఆ గుడిలో హార్మోనియం వాయించింది మా తాతయ్య. కాళ్ళతో తొక్కే పెట్టె ఆయనది. కీబోర్డు పెట్టడానికి చోటు కావాలి కాబట్టి ఆ పెట్టెని తలుపు వెనక్కి జరిపారు. ఎవరూ ఆయన్ని మానెయ్యమనలేదు, ఎవరూ వాయించమని కూడా అనలేదు. క్రిస్మస్ ఆరాధనలో నేను స్టాండు ముందు నిలబడి, బటన్ల మీద వెతికి 'చర్చ్ ఆర్గన్' అన్న టోన్ నొక్కాను. గుడి మొత్తం మోగింది. పిల్లలు వెనక్కి తిరిగి స్పీకర్లకేసి చూశారు. తాతయ్య మగవాళ్ళ వైపు, చాప మీద, మొదటి వరసలో కూర్చుని ఉన్నాడు. అక్కడ కూర్చోగా ఆయన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఇంటి దగ్గర అడిగాడు. "దీనికి గాలెవరు కొడతార్రా?"

"గాలెందుకు తాతయ్యా, కరెంటు."

"అట్టయితే అలుపుండదు," అన్నాడు. అంతే. మర్నాడు రిక్షాలో పెట్టె ఇంటికొచ్చేసింది.

నేను అప్పుడు నవ్వాను. నా చేతి కింద ఉన్నదే అసలు ఆర్గన్ అనీ, తాతయ్యది నాటకాల పెట్టె అనీ నా నమ్మకం. ఆ నమ్మకం తలకిందులు కావడానికి పదేళ్ళు పట్టింది.

*

హార్మోనియానికి పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ అనే అతను 1842లో పేటెంటు తీసుకున్నాడు. పైపులతో ఉండే ఆర్గన్ కొనలేని చిన్న చర్చిలకీ, ఇళ్ళకీ పనికొచ్చే పెట్టె అది. పైపుల బదులు ఇత్తడి రీడ్లు. తిత్తి గాలి కొడుతుంది, మెట్టు నొక్కితే ఆ గాలి రీడుని కదిలిస్తుంది, రీడు పలుకుతుంది. కాళ్ళతో తొక్కే ఆ పెట్టె ఓడెక్కి మన దేశానికొచ్చింది. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కుదించి, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొడుతూ ఇంకో చేత్తో వాయించేలా మార్చాడు. మనకిప్పుడు తెలిసిన చేతి హార్మోనియం అదే.

ఇంకో సంగతి చాలా ఆలస్యంగా గమనించాను. అదే 1842లో, జూలై 31న, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హయ్యర్ అనే లూథరన్ పాదిరీ గుంటూరు చేరాడు. మా గుడి ఆ మిషన్ వేసిన కొమ్మల్లో ఒకటి. అంటే మా సంఘమూ, తాతయ్య పెట్టే ఒకే ఏడు బయల్దేరాయి. యొహాన్ సెబాస్టియన్ బాఖ్ కూడా లూథరన్ గుళ్ళలోనే వాయించాడు. తాతయ్య ఆ పేరు విన్నాడని నేననుకోను. కానీ ఆదివారం పొద్దున ఇద్దరూ చేసిన పని ఒకటే. జనం నోరు విప్పకముందు పాట వరసని వాళ్ళ చెవిలో వెయ్యడం, విప్పాక వాళ్ళు జారిపోకుండా పట్టుకోవడం.

తేడా కూడా చెప్పాలి. తాతయ్య దగ్గరున్న 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాటల మీద రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే క్రీస్తుని మన రాగాల్లో పాడారు. వాటి పక్కనే తెల్లదొరల వరసలకి కట్టిన తెలుగు పాటలూ ఉంటాయి. తాతయ్య ఒక పేజీలో మోహన వాయించి, తర్వాతి పేజీలో పడమటి వరస వాయించేవాడు. ఆయనకి నొటేషన్ రాదు. రెండూ చెవినబట్టే.

*

ఆదివారం గుడి. మిగతా రోజుల్లో, పంట కోతలయ్యాక, నాటకాలు. 'సత్య హరిశ్చంద్ర', 'గయోపాఖ్యానం', 'చింతామణి', తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాలు. తెనాలి చుట్టుపక్కల శ్రీరామనవమి పందిట్లో తెల్లవార్లూ పద్యం మోగని ఊరు లేని రోజులవి. కాంట్రాక్టరు సైకిల్ మీద కబురు పంపితే తాతయ్య పెట్టె మడిచి బస్సు టాపు మీద వేసుకుని వెళ్ళేవాడు.

పద్యనాటకంలో హార్మోనిస్టు పనేమిటో నాకు చాలాకాలం తెలియలేదు. నటుడు పాడుతుంటే వెనకాల వాయిస్తాడు, అంతే అనుకునేవాణ్ణి. ఒకసారి తాతయ్యే చెప్పాడు. "పద్యం ఆఖర్న రాగం తీస్తాడు చూడు, అక్కడ వాడికి దమ్ము చాలదు. ఊపిరి పీల్చుకోవాలి. పీల్చుకుంటే జనానికి తెలిసిపోద్ది. వాడు పీల్చుకునేటప్పుడు నేను ఆ స్వరాన్ని వదలకుండా పట్టుకోవాలి. వాడు మళ్ళీ వచ్చి అందులో కలిసిపోతాడు. వన్స్ మోర్ వాడికే."

వన్స్ మోర్ తాతయ్యకి ఎప్పుడూ రాలేదు. కొన్ని ఊళ్ళలో రాత్రంతా శ్రీకృష్ణుడికి శ్రుతిచ్చిన మనిషికి తెల్లారి టీ వేరే గ్లాసులో వచ్చేది. ఈ సంగతి ఆయన చెప్పలేదు, నాయనమ్మ చెప్పింది. ఆయన చెప్పింది జాషువా గురించి. హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు నటులు కలిపి పాడతారు. ఆ పద్యాలొచ్చినప్పుడు మాత్రం పెట్టె ఇంకాస్త గట్టిగా తొక్కేవాణ్ణనీ, ఎందుకో తనకే తెలియదనీ అనేవాడు.

*

చదువయ్యాక నాకు మద్రాసులో ఉద్యోగం వచ్చింది. ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కర్క్ అని 1821 నాటి చర్చి ఉంది, పైన గుండ్రటి గోపురం. ఒక ఆదివారం స్నేహితుడు లాక్కెళ్ళాడు. అసలైన పైపు ఆర్గన్ వినడం అదే మొదటిసారి.

మొదటి స్వరం చెవికి కాదు, కూర్చున్న బల్లకి తెలిసింది. బల్ల చెక్క సన్నగా అదిరింది. నా కీబోర్డులో 'చర్చ్ ఆర్గన్' బటన్ నొక్కితే వచ్చేది ఈ శబ్దపు ఫొటో అని అర్థమైంది. ఇంకో వింత, స్వరం మొదలయ్యే ముందు లిప్తపాటు ఒక ఊదు వినిపిస్తోంది. మనిషి మాట్లాడబోయే ముందు పీల్చినట్టు. అది నేను చిన్నప్పట్నుంచి ఎరిగిన చప్పుడు. తాతయ్య పెట్టెలో వినేవాణ్ణి.

ఆ తర్వాత దొరికినదల్లా చదివాను. ఆర్గన్‌లో ఒక్కో పైపుకి ఒక్కటే స్వరం. పెన్సిలంత పైపు దగ్గర్నుంచి ఇంటి కప్పు దాటే పైపు దాకా పెద్ద ఆర్గన్లలో వేలున్నాయి. పక్కనుండే పిడులు లాగితే ఏ వరస పైపులకి గాలి వెళ్ళాలో తేలుతుంది. వాయించేవాడు చేతులతో, కాళ్ళతో కూడా వాయిస్తాడు. కాళ్ళు స్వరాలకి కేటాయించేశాక మరి గాలెవరు కొట్టాలి?

దానికి వేరే మనుషులుండేవాళ్ళు. జర్మన్‌లో వాళ్ళని కల్కాంట్ అంటారు, తిత్తి తొక్కేవాడని అర్థం. ఆర్గన్ వెనక చీకట్లో నిలబడి, పెద్ద పెద్ద తిత్తులకున్న దూలాల మీద ఒంటి బరువంతా వేసి ఒకటి తర్వాత ఒకటి తొక్కుతూనే ఉండాలి. మన వైపు ఏతం తొక్కినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఏతం మీద మనిషి నడిస్తే నీళ్ళు చేలోకి వస్తాయి, ఇక్కడ గాలి పైపుల్లోకి. ముందు బల్ల మీద కూర్చున్నవాడి పేరు చరిత్రలో ఉంది. ఇవాళ ఆ పని చాలాచోట్ల కరెంటు మోటారు చేస్తోంది. మా తాతయ్య పెట్టెలో వాయించేవాడూ తొక్కేవాడూ ఒకడే.

బాఖ్‌కి ఈ గాలి విలువ బాగా తెలుసు. 1705లో, ఇరవై ఏళ్ళవాడు, ఆర్న్‌స్టాట్ గుడిలో నాలుగు వారాల సెలవడిగి, లూబెక్‌లో బుక్స్‌టెహూడె అనే ముసలాయన ఆర్గన్ వినడానికి దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్ళాడు. తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది, గుడి పెద్దలు సంజాయిషీ అడిగారు. తర్వాత పేరొచ్చాక కొత్త ఆర్గన్లు పరీక్షించమని ఊరూరా పిలిచేవాళ్ళు. వెళ్ళగానే పిడులన్నీ ఒకేసారి లాగి, చేతికందినన్ని మెట్లు నొక్కేవాడట. దీని ఊపిరితిత్తులు ఎట్టా ఉన్నాయో ముందు తెలియాలి కదా అని సరదాగా అనేవాడని ఆయన కొడుకు రాశాడు.

ఇది చదివిన రోజు పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. కమ్మరి కొలిమికి తిత్తి, హార్మనీకి తిత్తి, మనిషి రొమ్ములో ఊపిరితిత్తి. మనకి మూడింటికీ ఒకటే మాట. జర్మనీలో బాఖ్ ఆడిన పరాచికం మన భాషలో మామూలు మాట. తాతయ్య నన్నడిగింది కూడా బాఖ్ అడిగిన ప్రశ్నే. నేను కరెంటని చెప్పి నవ్వాను.

*

గాలి పెట్టెకి ఒక లోటుంది, దాన్ని దాచలేం. గమకం పలకదు. వీణ మీదా మెట్లే, హార్మోనియం మీదా మెట్లే అంటాం గానీ, వీణ మెట్టు మీద తీగని లాగొచ్చు. హార్మోనియం మెట్టు నొక్కితే ఆ స్వరం తప్ప దాని పక్క సందు దొరకదు. ఈ కారణంతోనే చాలామంది పెద్దవాళ్ళు దాన్ని ఈసడించారు. ఢిల్లీ రేడియోలో పనిచేసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త 1938లో వ్యతిరేకంగా రాశాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా దాని మీద ఉత్తరం రాశాడు. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ ఆంక్ష సడల్లేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే మా డెల్టాలో ప్రతి పందిట్లో మోగుతున్న పెట్టెకి, మా సొంత రేడియోలో మొదటి ఇరవై ఏళ్ళకి పైగా చోటు లేదు. "రేడియోలో మన పెట్టె పలకదురా," అనేవాడు తాతయ్య, వాన పడదురా అన్నట్టు, కోపం లేకుండా.

బాఖ్ కాలంలో వాయించిన మెట్ల వాద్యాలన్నిటికీ ఏదో ఒక లోటుంది. ఆర్గన్‌లో వేలు మెల్లగా వేసినా గట్టిగా వేసినా గాలి ఒకటే, స్వరం ఒకటే. హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక ముక్క తీగని మీటుతుంది. మీటాక ఆ స్వరం ఆరిపోవడమే, పెంచలేం, తగ్గించలేం. అందుకే ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా కూపరాఁ 1713లో అచ్చువేసిన తన మొదటి పుస్తకంలో అలంకారాలకి ఒక పట్టికే పెట్టాడు. ఏ స్వరాన్ని పక్క స్వరంతో ఎలా తాకాలి, ఎక్కడ వణికించాలి, ఎక్కడ తిప్పాలి. స్వరం సాగనప్పుడు వేళ్ళే సాగినట్టు నమ్మించాలి. తాతయ్యా అదే చేసేవాడు. కాంభోజిలో ఒక స్వరం మీద నిలవాలంటే నిలిచేవాడు కాదు, పైమెట్టుని చిటికెడంత తాకి వచ్చేవాడు. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవురు నేర్పుతారు, పెట్టెకి రాదు కాబట్టి," అన్నాడు.

ఒక్క క్లావికార్డ్‌కి మాత్రం కొంచెం గమకం వచ్చు. అందులో మెట్టు నొక్కితే ఒక లోహపు రేకు తీగకి తగిలి, వేలు తీసేదాకా దాన్ని ఆనుకునే ఉంటుంది. వేలు ఇంకాస్త అదిమితే స్వరం వణుకుతుంది. జర్మన్లు దాన్ని బేబుంగ్ అన్నారు. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ దానికి పెట్టింది పేరు. కానీ ఆ వాద్యం చప్పుడు ఎంత చిన్నదంటే పక్క గదిలోకి వినపడదు. ఇంట్లో, రాత్రిపూట, ఒక్కడే కూర్చుని వాయించుకోవడానికే. దానికి తిత్తి తొక్కే మనిషితో పని లేదు.

1750లో బాఖ్ పోయాక ఇంట్లో సామాన్లకి లెక్క రాశారు. హార్ప్సికార్డులు ఐదు, ల్యూట్‌లా పలికే మెట్ల వాద్యాలు రెండు, చిన్న స్పినెట్ ఒకటి. బతికుండగా ఆయనకి అన్నిటికంటే పేరు తెచ్చిన ఆర్గన్ ఆ లెక్కలో లేదు, ఉండదు కూడా. అది గుడిది. తాతయ్య సంగతి వేరు. గుడిలో ఉన్నంతకాలం ఆ పెట్టె ఆయన సొంతం. అందుకే దాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చుకోగలిగాడు.

*

2010 సంక్రాంతికి ఇంటికెళ్ళాను. తాతయ్యకి అప్పటికి ఆయాసం. నాలుగడుగులేస్తే కూర్చోవాలి. ఆ సాయంత్రం ఉన్నట్టుండి పెట్టె విప్పమన్నాడు. కుర్చీలో కూర్చుని, పాదాలు పెట్టి రెండు సార్లు తొక్కాడు, ఆగిపోయాడు. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. నేను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు పెడల్సూ చేతులతో నొక్కడం మొదలుపెట్టాను.

"సమంగా కొట్టు అబ్బాయ్. గాలి ఎగుడుదిగుడుగా వస్తంది."

ఎంత నొక్కాలో నాకు తెలియలేదు. గట్టిగా నొక్కితే స్వరం అరుస్తోంది, వదిలితే కుంగిపోతోంది. తలెత్తి చూస్తే ఆయన చేతులు కనపడవు, పెట్టె అడుగు చెక్కే కనపడుతుంది. పావుగంటలో భుజాలు పడిపోయాయి. మోహన తీశాడు, ఒక కీర్తన వాయించాడు, మళ్ళీ ఏదో పద్యం వరస. నడుమ నేను చెయ్యి మార్చుకున్న చోటల్లా స్వరం తెగింది. తెగిన ప్రతిసారీ ఆయన వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. విసుక్కోలేదు.

ఆ పావుగంటలో, 2003 సంగతి ఎత్తుదామని రెండుసార్లు అనిపించింది. కింద కూర్చుని ఉన్నాను, మొహం కనపడదు, అడగడానికి అంతకంటే వీలైన చోటు లేదు. నోటిదాకా వచ్చింది. గాలి కొట్టడంలో నా ఊపిరి నాకే సరిపోలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆయన 'పర్లేదు లేరా' అంటాడని తెలుసు. ఆ మాట వినడం నాకిష్టం లేకపోయింది.

మరుసటి ఏడు ఆయన పోయాడు. సమాధి దగ్గర పాటకి కీబోర్డు తీసుకెళ్ళడానికి అక్కడ కరెంటు లేదు. జనం ఉత్త గొంతులతోనే పాడారు. శ్రుతి ఇచ్చేవాడు లేక రెండో చరణానికే పాట కిందికి దిగిపోయింది.

*

ఇప్పుడు నేను విజయవాడలో, పటమటలో ఉంటున్నాను. పెట్టె నాతోనే ఉంది. పోయినేడు వన్ టౌన్‌లో బాగుచేసే ఆయన దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాను. తిత్తి మడతల్లో గుడ్డ చివికిపోయింది, రీడ్లకి చిలుము పట్టింది, ఎలక ఒక మూల తోలు కొట్టేసింది.

"కాళ్ళ పెట్టె ఇప్పుడెవరు వాయిస్తున్నారు సార్," అన్నాడాయన. "కాళ్ళు తీసేసి చేతి తిత్తి బిగిస్తా. టేబుల్ మీద పెట్టుకోవచ్చు."

"వద్దండీ. కాళ్ళు ఉంచండి."

మూడు వారాలకి ఇచ్చాడు. తిత్తి కొత్తది, రీడ్లు తోమాడు. ఇంటికొచ్చి తొక్కితే రెండో నిమిషానికే పిక్కలు లాగాయి. గాలి ఇంకా ఎగుడుదిగుడుగానే వస్తోంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక కాసేపు కూర్చుంటున్నాను. వాయించడం తక్కువ, తొక్కడం ఎక్కువ. ఒక్క స్వరాన్ని కుంగకుండా, అరవకుండా నిలపడం దగ్గరే ఉన్నానింకా.

ఈ క్రిస్మస్‌కి దాన్ని ఊరికి తీసుకెళ్ళాలని ఉంది. గుడిలో ఇప్పుడు ఇంకా కొత్త కీబోర్డు ఉంది. డిగ్రీ చదివే కుర్రాడు వాయిస్తున్నాడు, బాగా వాయిస్తాడు. అతని స్టాండు జరపకుండా పక్కన ఈ పెట్టెకి చోటుందో లేదో ముందు వెళ్ళి చూడాలి.